"ముందు మందు మానిపించండి, మనసు సంగతి తర్వాత" ఎందుకు కుదరదు: తాగుడు, పీటీఎస్‌డీ, దుడుకుతనం

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్ళకి అక్టోబరు అంటే దసరా ఒక్కటే కాదు. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తీరం దాటిన తుఫాను, 2013 అక్టోబరు 12న మళ్ళీ అక్కడే ఫైలిన్, సరిగ్గా ఏడాది తిరిగేసరికి విశాఖ మీద హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తిత్లీ. తిత్లీ వానలకి గజపతి జిల్లా బరఘర ఊళ్ళో కొండచరియ విరిగిపడి, తలదాచుకున్న చోటే జనం ప్రాణాలు పోయాయి. ఇలాంటి చోట "ఆడు తాగుబోతైపోయాడు" అన్న మాట వినబడితే, ఎప్పటి నుంచి అని అడగాలి. కొందరి విషయంలో జవాబు ఒక తారీఖు దగ్గర ఆగుతుంది.

ఆ తారీఖు తుఫానుదే కానక్కర్లేదు. వేటకెళ్ళిన పడవ తిరగబడి పక్కవాడు కళ్ళ ముందే మునిగిపోయి ఉండొచ్చు. 2023 జూన్ 2న బహనగా దగ్గర ప్రమాదానికి గురైన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ బోగీలో ఉండి ఉండొచ్చు. సూరత్‌లో మరమగ్గంలో చెయ్యి పడి ఉండొచ్చు. చిన్నప్పుడు తాగొచ్చిన తండ్రి చేతిలో తిన్న దెబ్బలు, ఎవరికీ చెప్పుకోని లైంగిక దాడి కూడా ఈ లెక్కలోవే.

ఇలాంటి మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే మామూలుగా చెప్పేది ఒకటే: ముందు మందు మానిపించండి, మనసు సంగతి తర్వాత చూద్దాం. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆచరణలో ఆ "తర్వాత" రాదు. మానిన రెండో వారంలోనో మూడో వారంలోనో మళ్ళీ మొదలవుతుంది, ఇంటివాళ్ళు "మనసు గట్టిది కాదు" అని తేల్చేస్తారు. ఎందుకిలా అవుతుందో తెలియాలంటే మూడు ముడులు విప్పాలి: తాగుడు, పీటీఎస్‌డీ (భయానక సంఘటన మనసులో మిగిల్చే జబ్బు), దుడుకుతనం.

పీటీఎస్‌డీ ఎంతవరకు

చావు, తీవ్రమైన గాయం, లైంగిక హింస. ఈ మూడింట్లో ఏదో ఒకటి తనకే జరగడం, ఎదురుగా చూడడం, దగ్గరివాళ్ళకి జరిగిందని తెలియడం, లేదా ఉద్యోగరీత్యా పదేపదే ఎదురవడం. పీటీఎస్‌డీకి పునాది ఇదే. శవాలు తీసిన అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సు డ్రైవరు ఈ చివరి రకం. అప్పులు, పెళ్ళి చెడడం, పంట పోవడం ఎంత బాధ పెట్టినా ఈ జబ్బు కింద లెక్కకు రావు. వాటివల్ల కుంగుబాటు రావచ్చు, దాని వైద్యం వేరు.

లక్షణాలు నాలుగు గుంపులు. జరిగినది పిలవకుండానే తిరిగి రావడం: పీడకల, పగటిపూట ఒక్కసారిగా ఆ ఘడియలోకి పడిపోవడం. రెండోది తప్పించుకోవడం: ఆ రేవు వైపు పోకపోవడం, ఆ మాట ఎత్తితే లేచిపోవడం. మూడోది మనసు మొద్దుబారడం, "నేను చెయ్యి వదలకపోతే వాడు బతికేవాడు" అని తనను తాను తప్పుపట్టుకోవడం. నాలుగోది ఒళ్ళంతా కాపలా కాస్తున్నట్టుండడం: తలుపు చప్పుడుకే ఉలిక్కిపడడం, నిద్రలేమి, చిటికెలో కోపం. అమెరికా మనోవైద్యుల 2013 నాటి నిర్ధారణ ప్రమాణాల్లో ఈ నాలుగో గుంపులోనే, ముందూవెనకా చూడకుండా ప్రమాదానికి ఎదురెళ్ళే ప్రవర్తనను కూడా చేర్చారు. తాగి బండి తోలడం, వద్దన్నా అలల్లోకి దిగడం వంటివి జబ్బు లక్షణాలు కూడా కావచ్చని దీని అర్థం.

ఇవి నెల దాటి కొనసాగి, పనిని, ఇంటిని దెబ్బతీస్తుంటేనే పీటీఎస్‌డీ అంటారు. మొదటి నెలలో భయం, నిద్రలేమి చాలామందికి వస్తాయి, ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. తుఫాను మర్నాడే అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పించడం మేలు చెయ్యదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ వేళ కావలసింది తిండి, నీళ్ళు, ఆసరా, తప్పిపోయినవాళ్ళ కబురు.

మన దగ్గర దీన్ని దడుపు అంటారు, గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. తాయెత్తుతో తగువు పెట్టుకోవడం దండగ. అది కట్టించుకున్నవాణ్ణి ఆసుపత్రికి కూడా తీసుకెళ్తే చాలు.

దుడుకుతనం ఒకటి కాదు

ఆలోచించకుండా చేసెయ్యడాన్ని మనం ఒకే గాటన కట్టేస్తాం. పరిశోధకులు అలా కట్టరు. 2001లో వైట్‌సైడ్, లైనమ్ దీన్ని నాలుగు పాయలుగా విడగొట్టారు, తర్వాత అయిదోది చేరింది. ముందుచూపు లేకపోవడం ఒకటి. మొదలెట్టింది పూర్తి చెయ్యలేకపోవడం ఒకటి. కొత్త ఉత్సాహం కోసం వెంపర్లాట ఇంకొకటి. మిగిలిన రెండూ భావోద్వేగానికి ముడిపడినవి: సంతోషం పొంగినప్పుడు ఒళ్ళు మరచిపోవడం, బాధ కమ్మినప్పుడు దాన్నుంచి బయటపడడానికి ఏదో ఒకటి చేసెయ్యడం.

పీటీఎస్‌డీ, తాగుడు రెండూ ఉన్నవాళ్ళలో గట్టిగా కనిపించేది ఈ చివరిదే. మామూలు వేళ ఈ మనిషి దుడుకువాడు కాకపోవచ్చు. వల అల్లేటప్పుడు ఓపిగ్గా అల్లుతాడు, చీటీ డబ్బు తప్పకుండా కడతాడు. కానీ గుండె దడ మొదలై, ఆ రోజు చూసింది కళ్ళ ముందు తిరిగితే, దాన్ని పావుగంట భరించడం అతనివల్ల కాదు. సారా దుకాణం, లేదా ఎదుటివాడి చెంప. "ఏటయిందో తెలీదు, చెయ్యి లేచిపోయింది" అనేది చాలాసార్లు సాకు కాదు, జరిగిన సంగతే. అలాగని బాధ్యత పోదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఉత్సాహం కోసం తాగేవాడికి పనికొచ్చే సలహా, బాధ తప్పించుకోవడానికి తాగేవాడికి పనికిరాదు. "స్నేహాలు మార్చు, ఖాళీగా ఉండకు" అనేది మొదటివాడికి. రెండోవాడు ఒంటరిగానే తాగుతాడు.

ఇంకో కొలత కూడా ఉంది. ఈ రోజు 500 రూపాయలా, నెల తర్వాత 1,000 రూపాయలా అని అడిగితే, తాగుడికి అలవాటుపడ్డవాళ్ళు తక్కినవాళ్ళకంటే ఎక్కువగా ఈ రోజు వైపే మొగ్గుతారు. రేపు ఉంటుందన్న నమ్మకం ఒకసారి తుడిచిపెట్టుకుపోయిన మనిషికి ఈ మొగ్గు అర్థం లేనిదేమీ కాదు. అందుకే "పదేళ్ళకి లివర్ పాడవుతుంది" అన్న హెచ్చరిక అతని చెవికెక్కదు.

ఒక రాత్రిలో జరిగేది

ఈ చక్రాన్ని ఒక్క రాత్రిలో చూడొచ్చు. సాయంత్రం ఏడు గంటలకి ఒక క్వార్టర్ దిగింది. మెదడులో గాబా అనే నెమ్మది పరిచే రసాయనం పని పెరిగింది, గ్లూటమేట్ అనే ఉరకలెత్తించేది అణిగింది. గంటలో దడ తగ్గింది. అతని మెదడు నేర్చుకున్న పాఠం: ఇది ఔషధమే. 1985లో ఖంట్జియాన్ అనే మనోవైద్యుడు దీన్నే సొంతవైద్యం అన్నాడు, ఆ మేరకు నిజమే.

రాత్రి రెండు దాటాక లెక్క తిరగబడుతుంది. మద్యం దిగిపోతుంటే, అంతసేపూ అణచి ఉంచిన గ్లూటమేట్, ఒళ్ళుని అప్రమత్తం చేసే నార్‌అడ్రినలిన్ ఒక్కసారిగా లేస్తాయి. మొదటి సగంలో ఆగిపోయిన కలల నిద్ర రెండో సగంలో ఎక్కువై, నిద్ర ముక్కలవుతుంది. మూడింటికి చెమటతో, దడతో మెలకువ. పీటీఎస్‌డీ ఉన్నవాడికి ఆ దడ, ఆ చెమట ఆనాటివే. ఒళ్ళు ఆ రోజునే మళ్ళీ చూపిస్తుంది. పొద్దున్నే ఒక గుటక వేస్తే గాని కాలు కదలదు. "తాగితే గాని నిద్ర పట్టదురా బావా" అనేవాడికి, తెల్లారగట్ల నిద్ర చెడగొడుతున్నది ఆ తాగుడే అని చెప్పేవాళ్ళుండరు.

మరో నష్టం నెమ్మదిగా జరుగుతుంది. భయం మామూలుగా ఎలా తగ్గుతుందంటే, ఆ చోటికి మళ్ళీ వెళ్ళి, ఏమీ కాలేదని మెదడు చూసుకోవడం వల్ల. రోజూ తాగేవాడి మెదడుకి ఈ చదువు సరిగా అబ్బదు. 2012లో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధన, దీర్ఘకాలం మద్యం ఇచ్చినప్పుడు ముందరి మెదడు కణాల ఆకారమే మారి, భయం మరిచే శక్తి తగ్గిందని చూపింది. చెయ్యి లేవకుండా ఆపాల్సింది కూడా ఆ ముందరి మెదడే. కాబట్టి భయం ఎక్కువ, ఆపే శక్తి తక్కువ, అలవాటైన దారి ఒకటే. ఇందులో ఒక్క దారాన్నే లాగితే ముడి ఇంకా బిగుస్తుంది. మందు మాత్రమే మానిపించామంటే, అన్నాళ్ళూ మద్యం అణచిపెట్టిన పీడకలలన్నీ మొదటి వారాల్లోనే పైకి వస్తాయి.

అదేదో తేల్చుకోవాలి

దుడుకుతనం కనబడగానే పీటీఎస్‌డీ అనెయ్యకూడదు. బండి మీద నుంచి పడి తలకి దెబ్బ తగిలాక స్వభావం మారిందా అని అడగాలి. ముందరి మెదడు గాయం అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఏడేళ్ళ వయసు నుంచే కుదురులేనివాడైతే ఏడీహెచ్‌డీ (చిన్నప్పటి నుంచే ధ్యాస, కుదురు నిలవని సమస్య) కావచ్చు. నిద్ర లేకపోయినా అలసట రాకుండా, రోజుల తరబడి గొప్పలు, ఖర్చులు అయితే బైపోలార్ (మనసు ఒకప్పుడు అతిగా పొంగి, ఒకప్పుడు కుంగే జబ్బు) చూడాలి. ఏది ముందు వచ్చిందో తేల్చడానికి ఒక కాగితం మీద గీత గీసి, సంఘటన, మొదటి తాగుడు, రోజూ తాగడం, మొదటి కొట్లాట, తలదెబ్బ, అన్నీ ఏళ్ళవారీగా పెట్టడం అన్నిటికంటే తేలిక. మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో మద్యం వల్ల వచ్చిన దిగులు, ఆందోళన బాగా తగ్గుతాయి. ఆ సంఘటన చుట్టూ తిరిగే కలలు, తప్పించుకోవడం మాత్రం తగ్గవు. అయితే పీటీఎస్‌డీ ప్రశ్నలు అడగడానికి ఆ నాలుగు వారాలూ ఆగాల్సిన పని లేదు.

ఎంత తాగుతున్నాడో లెక్కకట్టేటప్పుడు "ఒక్క క్వార్టరే" అన్న మాటకి మోసపోతాం. మామూలు బ్రాందీ, విస్కీల్లో మద్యం 42.8 శాతం. 180 మిల్లీలీటర్లలో అది దాదాపు 61 గ్రాములు. 10 గ్రాములు ఒక డ్రింకు అనుకుంటే క్వార్టర్ అంటే ఆరు డ్రింకులు. నాటుసారాకి ఈ లెక్క కుదరదు, దాని ఘాటు కాచినవాడి చెయ్యిని బట్టి. తాగుడు తీవ్రతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ ప్రశ్నావళిలో 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8 గాని అంతకు మించి గాని వస్తే జాగ్రత్త పడాలి, 20 గాని అంతకు మించి గాని వస్తే బానిసత్వం ఉండే అవకాశం ఎక్కువ. పీటీఎస్‌డీకి అయిదు ప్రశ్నల చిన్న పరీక్ష ఉంది: గత నెలలో పీడకలలు, తప్పించుకోవడం, ఉలికిపాటు, మొద్దుబారడం, అపరాధభావం. మూడింటికి అవునంటే నిపుణుల దగ్గర పూర్తి పరీక్ష చేయించాలి. ఈ రెంటికీ కలిపి పది నిమిషాలు చాలు. రెండూ ఒకే రోజు అడగకపోవడానికి కారణం ఏదీ లేదు.

ఇంట్లో గదిలో పెట్టి మానిపించడం

ఇది ప్రాణాంతకం. రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారి ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, వాంతులు. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి చెదరడం, లేనివి కనిపించడం, జ్వరం, గుండె పరుగు. దీనికి ఆసుపత్రిలో వైద్యం అందకపోతే చనిపోవచ్చు. ఇదివరకు ఇలా ఫిట్స్ వచ్చినవాళ్ళకి ప్రతిసారీ ముప్పు పెరుగుతుంది. మన ఊళ్ళలో ఆ రెండో రోజు భ్రమల్ని చూసి దెయ్యం పట్టిందంటారు, విలువైన గంటలు మంత్రగాడి దగ్గర పోతాయి.

ఆసుపత్రిలో క్లోర్‌డయజిపాక్సైడ్, డయజిపామ్, లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ళకి లోరాజిపామ్ ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపుతారు. దాంతోపాటు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్‌గా. నీరసంగా ఉన్నాడని ఊరి ఆర్ఎంపీ చేత గ్లూకోజ్ సెలైన్ ఎక్కించడం మన దగ్గర మామూలు. థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే, ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడక తూలడం, కళ్ళు సరిగా తిరగకపోవడం, మతిమరుపు కనిపిస్తే ఆలస్యం చెయ్యకూడదు. "సెలైన్‌కి ముందు బి1 ఇచ్చారా" అని అడగడం ఇంటివాళ్ళ హక్కు.

ఆ వారం పది రోజుల తర్వాత కూడా డయజిపామ్, ఆల్‌ప్రజోలామ్ లాంటివి కొనసాగించడం పీటీఎస్‌డీకి వైద్యం కాదు. అవి మద్యం చేసే పనే చేస్తాయి, అలవాటవుతాయి, కొందరిలో దుడుకుతనాన్ని పెంచుతాయి, మద్యంతో కలిస్తే ఊపిరి ఆగే ముప్పు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే "నిద్రమాత్ర"లో ఉండేది చాలాసార్లు ఇదే.

మందులు, మాటలు, రెండూ ఒకేసారి

మళ్ళీ తాగాలన్న కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్ రోజుకి 50 మిల్లీగ్రాములు, లేదా ఎకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి చొప్పున మూడు పూటలా ఇస్తారు. మొదటిదానికి లివర్ పరీక్ష, రెండోదానికి కిడ్నీ పరీక్ష కావాలి. ట్రమడాల్ వంటి నొప్పిమాత్రలు వాడేవాళ్ళకి నాల్ట్రెక్సోన్ పడదు. డైసల్ఫిరామ్ అనే మూడో మందుంది. అన్నంలో, కూరలో తెలియకుండా కలిపి పెట్టేది దీన్నే. అలా చెయ్యకూడదు. తెలియక ఆ మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండెజబ్బు ఉంటే ప్రాణం పోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. పీటీఎస్‌డీ ఉన్నవాడి విషయంలో ఇంకో తప్పు కూడా ఉంది: ఎవరినీ నమ్మలేని మనిషికి ఇంటి అన్నం మీద కూడా నమ్మకం పోతుంది.

పీటీఎస్‌డీకి సెర్‌ట్రలీన్, పారాక్సిటీన్, వెన్‌లాఫాక్సిన్ పనిచేస్తాయి. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. పీడకలలకి ప్రజోసిన్ ఇస్తారు గాని, 2018లో మాజీ సైనికుల మీద జరిగిన పెద్ద పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రను (మందు లేని మాత్రను) మించలేదు. కొందరికి మాత్రం బాగానే కుదురుతుంది. మొదటి మోతాదుకి లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి కాబట్టి పడుకునే ముందే వేసుకోవాలి.

అసలు పని మాటల చికిత్సది. జరిగినదాన్ని భద్రమైన చోట, క్రమంగా, పదేపదే చెప్పించి, తప్పించుకుంటున్న చోట్లకి మెల్లగా నడిపించే పద్ధతి అన్నిటికంటే గట్టిగా నిలబడింది. తాగేవాళ్ళతో ఇది చేస్తే ఇంకా తాగుతారని చాలాకాలం భయపడ్డారు. 2013లో అమెరికాలో 165 మందితో జరిగిన పరీక్షలో అలా జరగలేదు, తాగుడు పెరగలేదు. అంతకు ముందు ఏడాది ఆస్ట్రేలియాలో, రెండు వైద్యాలనూ కలిపి చేసినప్పుడు పీటీఎస్‌డీ లక్షణాలు మామూలు వైద్యం కంటే ఎక్కువ తగ్గాయి. ఇలా కలిపిన పద్ధతిలో 90 నిమిషాల చొప్పున 12 సెషన్లు. మధ్యలో ఒకసారి తాగితే చికిత్స ఆపరు. ఏ ఘడియలో, ఏం తోచి తాగాడో రాసుకుని అదే తర్వాతి సెషన్ పాఠం చేసుకుంటారు. వణుకు, ఫిట్స్ దశ దాటి, స్పృహలో ఉండి మాట్లాడగలిగితే చాలు, మొదలుపెట్టొచ్చు.

సరిహద్దులో దీనికో చిక్కుంది. ఒడియాలో పని నడుస్తుంది, బజారు నడుస్తుంది, కానీ తుఫాను రాత్రి అమ్మ వేసిన కేక తెలుగులోనే ఉంటుంది. రెండో భాషలో చెప్పినప్పుడు కథ చల్లగా వస్తుంది, అక్కడ పని జరగదు. డాక్టరుకి తెలుగు రాకపోయినా, చెప్పేటప్పుడు తెలుగులోనే చెప్పనివ్వమని అడగాలి. తర్జుమాకి భార్యనో కొడుకునో కూర్చోబెట్టకూడదు.

ఆ అరగంట

కోరిక కెరటంలా లేచి, చాలామందిలో అరగంట లోపే దిగుతుంది. దుడుకుతనం పనిచేసేది ఆ లోపే. కాబట్టి ఆ వేళకి సంకల్పాన్ని నమ్ముకోకూడదు, ఏర్పాట్లను నమ్ముకోవాలి. కూలి డబ్బు చేతికి కాకుండా బ్యాంకు ఖాతాకి పడేట్టు చూడడం, బండి తాళం సాయంత్రం ఆరు తర్వాత అన్నయ్య దగ్గర ఉంచడం. "దడ మొదలైతే, ముందు చన్నీళ్ళు ముఖాన కొట్టుకుని ఫలానావాడికి ఫోన్ చేస్తా" అని ఒకే ఒక్క వాక్యం ముందే రాసుకుని, బాగున్నప్పుడు పదిసార్లు చేసి చూడాలి. ఊపిరి నాలుగు లెక్కల్లో తీసి ఆరు లెక్కల్లో వదలడం లాంటివి కూడా అంతే; దడ పుట్టాక నేర్చుకుందామంటే రాదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు, సంవత్సరీకం నాడు ఎవరు తోడుంటారో ముందే మాట్లాడుకోవాలి.

పురుగుమందు డబ్బా ఇంట్లో ఉండకూడదు. బాధ, మద్యం, దుడుకుతనం కలిసినప్పుడు ఆత్మహత్యా ప్రయత్నానికి నిమిషాలే పడుతుంది. చేతికందే దూరంలో లేకపోవడమే ప్రాణం నిలుపుతుంది. పెట్టెకి తాళం వేసి తాళంచెవి వేరే ఇంట్లో ఉంచినా మేలే. ప్రయత్నించి బతికినవాళ్ళు కేసు భయంతో ఆసుపత్రి మానుకోనక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం వాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి.

భార్య గురించి ఒక మాట. దెబ్బలు తింటూ, రాత్రుళ్ళు తలుపు చప్పుడుకి లేచి కూర్చునే ఆమెకి కూడా పీటీఎస్‌డీ ఉండవచ్చు, ఆమె చుక్క తాగకపోయినా. అతని జబ్బు ఆమె ఓర్చుకోవడానికి కారణం కాదు. కొట్టడం మొదలైతే 181కి ఫోన్ చెయ్యొచ్చు.

బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మనోవైద్య విభాగం ఉంది. ఇచ్ఛాపురం దాటి ఇటొస్తే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల. టెలీ మానస్ 14416 నంబరు 24 గంటలూ ఉచితం, తెలుగు, ఒడియా రెండూ ఎంచుకోవచ్చు. తాగుడు మానడానికి కేంద్రం నడిపే నంబరు 14446. ఒక రాష్ట్రంలో మొదలుపెట్టి ఇంకో రాష్ట్రంలో కొనసాగించేవాళ్ళు డిశ్చార్జి కాగితంలో నాలుగు సంగతులు ఇంగ్లీషులో రాయించుకోవాలి: ఆఖరిసారి తాగిన తేదీ, ఫిట్స్ వచ్చాయా లేదా, మందుల పేర్లు మిల్లీగ్రాములతో సహా, మాటల చికిత్స ఎన్నో సెషన్ దగ్గర ఆగిందో. నాలుగోది మామూలుగా ఎవరూ రాయరు, అడిగి రాయించుకోవాలి.